పవన్ కళ్యాణ్: కరాటే, కిక్‌బాక్సింగ్

పవన్ కళ్యాణ్ (అసలు పేరు కొణిదెల కళ్యాణ్ బాబు) తెలుగు సినిమా నటుడు, జనసేన పార్టీ వ్యవస్థాపకుడు, 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి అయినవారు. పుట్టింది బాపట్లలో. ఆయన నటన మీదా రాజకీయాల మీదా రాసినవాళ్లు కొల్లలు. ఈ వ్యాసం వాటి జోలికి పెద్దగా పోదు. కరాటే నేర్చిన ఒక కుర్రాడు నటుడై, తెరపై కిక్‌బాక్సర్ వేషం కట్టి, ఆ ఆట పేరును కోస్తా ఊళ్లకు పరిచయం చేసిన సంగతికే ఇది పరిమితం. ఆయన పేరు నిలిచింది రింగులో కాదు, తెర మీద. జపాన్‌లో కరాటే వీరులు కిక్‌బాక్సర్లుగా మారిన తీరుకు తెలుగునాట దగ్గరి ఉదాహరణ వెతికితే ఒక సినిమా నటుడు దొరకడం వింతగా అనిపించవచ్చు. సినిమాను ఇంతగా నెత్తిన పెట్టుకున్న నేల మీద అది సహజమే.

ఊరు, కుటుంబం

ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 2. పుట్టిన ఏడాది విషయంలో మాత్రం 1968 అనీ 1971 అనీ రెండు లెక్కలు అచ్చులో ఉన్నాయి. తండ్రి కొణిదెల వెంకటరావు ప్రభుత్వోద్యోగి, తల్లి అంజనాదేవి. అన్నలు చిరంజీవి, నాగబాబు. తండ్రికి బదిలీలు అవుతుండడంతో పిల్లల చదువులు ఒక్క ఊళ్లో సాగలేదు. కళ్యాణ్ చదువులో ఎక్కువ భాగం నెల్లూరులో గడిచింది. అంటే బాపట్ల ఆయనకు పుట్టిన ఊరే తప్ప పెరిగిన ఊరు కాదు.

అప్పట్లో బాపట్ల, తెనాలి, రేపల్లె మూడూ గుంటూరు జిల్లాలోవే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు బాపట్ల జిల్లా కేంద్రమైంది, రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి పాత జిల్లాలోనే ఉండిపోయింది. రైలు చూపుతో చూస్తే తెనాలి కూడలి. ఒక దారి రేపల్లె దాకా వెళ్లి ఆగిపోతుంది. ఇంకొకటి బాపట్ల, చీరాల, ఒంగోలు, నెల్లూరు మీదుగా చెన్నైకి చేరుతుంది. ఈ రెండో దారే తెలుగు సినిమా దారి కూడా. తెనాలి పక్కనున్న బుర్రిపాలెం నుంచి కృష్ణ మద్రాసు చేరి, 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’తో తెలుగు తెరకు గుర్రాలనూ తుపాకులనూ తెచ్చారు. ఆ సినిమా దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. ఒంటి సత్తా చూపే హీరోను ఈ ప్రాంతపు ప్రేక్షకుడు నెత్తిన పెట్టుకోవడం పవన్ కళ్యాణ్‌తో మొదలైన అలవాటు కాదు. మారింది ఆయుధం.

జపాన్‌లో ఏం జరిగింది

కిక్‌బాక్సింగ్ అనే మాట జపాన్‌లో పుట్టింది. 1959 డిసెంబర్‌లో టోక్యోలోని అసాకుసాలో థాయ్ బాక్సింగ్ పోటీ ఒకటి జరిగింది. దాన్ని చూసిన కరాటే గురువు తత్సువో యమదాకు తన విద్యలో లోటు కనిపించింది. అప్పటి కరాటే పోటీల్లో దెబ్బను ఎదుటివాడి ఒంటికి తగలకుండా ఆపాలి. నిజంగా కొట్టుకుంటే ఏమవుతుందో తెలియాలంటే కొట్టుకునే నియమాలు కావాలి. బాక్సింగ్ నిర్వాహకుడు ఒసాము నొగుచి ఆ ఆలోచనకు వ్యాపారరూపం ఇచ్చాడు. 1960ల తొలి భాగంలో మసుతత్సు ఒయామా శిష్యులు ముగ్గురు బ్యాంకాక్ లుంపినీ స్టేడియానికి వెళ్లి థాయ్ యోధులతో తలపడ్డారు. ఇద్దరు గెలిచారు. ఓడినవాడు కెంజి కురొసాకి. చరిత్రకు ఎక్కువ పనికొచ్చింది ఆ ఓడినవాడే. తిరిగొచ్చి థాయ్ పద్ధతిని పట్టుబట్టి అధ్యయనం చేసి, టోక్యోలో మెజిరో జిమ్ నడిపాడు. అతని శిష్యుడు తొషియో ఫుజివారా 1978లో బ్యాంకాక్ రాజదమ్నెర్న్ స్టేడియం బిరుదు గెలిచాడు. థాయ్‌లాండ్ బయటివాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. నెదర్లాండ్స్‌కు ఈ ఆట చేరింది కూడా కురొసాకి శిష్యుల ద్వారానే.

జనంలోకి తీసుకెళ్లినవాడు మాత్రం తదాషి సవామురా. అసలు పేరు హిదెకి షిరాహా, పుట్టింది 1943లో. నిహోన్ విశ్వవిద్యాలయంలో చదువుతుండగా కరాటేలో పేరు తెచ్చుకున్నాడు. 1966 ఏప్రిల్‌లో ఒసాకాలో నొగుచి నడిపిన తొలి కిక్‌బాక్సింగ్ ప్రదర్శనలో గెలిచాడు. అదే ఏడాది జూన్‌లో సమాన్ సో అదిసోన్ అనే థాయ్ యోధుడు అతన్ని 16 సార్లు నేలకు పడేశాడు. ఇంకొకడైతే మళ్లీ రింగు ముఖం చూసేవాడు కాదు. సవామురా మళ్లీ సాధన మొదలుపెట్టాడు. టీబీఎస్ టెలివిజన్ అతని పోటీలను ఇంటింటికీ చేర్చింది. గాలిలోకి ఎగిరి మోకాలితో కొట్టే దెబ్బ అతని ముద్ర అయింది. 1970లో అతని జీవితం మీద ‘కిక్ నో ఓని’ అనే యానిమే వచ్చింది. 1973లో బేస్‌బాల్ వీరుడు సదహరు ఓ మంచి ఊపు మీద ఉన్న కాలంలో జపాన్ ప్రొఫెషనల్ క్రీడా పురస్కారం సవామురాకు దక్కింది. 228 నాకౌట్లు అని అతని లెక్క చెబుతారు. ఆ పోటీల్లో కొన్ని ముందే కుదుర్చుకున్నవన్న విమర్శ కూడా ఉంది. 2021 మార్చిలో కన్నుమూశాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. జపాన్‌లో కూడా కిక్‌బాక్సింగ్‌ను నిలబెట్టింది క్రీడాసంఘం కాదు, తెర. అక్కడ చిన్న తెర, ఇక్కడ పెద్ద తెర. 1993లో సెయ్‌దోకాయ్‌కాన్ కరాటే అధిపతి కజుయోషి ఇషీ మొదలుపెట్టిన కే-1 పోటీలకూ టెలివిజనే ప్రాణం పోసింది. అయిదేళ్ల వయసులో కరాటే పట్టిన తెన్షిన్ నసుకావా 2022 జూన్ 19న టోక్యో డోమ్‌లో తకెరు అనే కిక్‌బాక్సర్‌పై గెలిచి, కిక్‌బాక్సింగ్‌లో ఓటమి ఎరగకుండానే బాక్సింగ్‌కు వెళ్లిపోయాడు.

కరాటే మనిషి రింగులోకి దిగితే

ఈ మార్పు ఎంత కష్టమో తెలిస్తే తప్ప తెర మీది కిక్‌బాక్సింగ్‌ను అంచనా వేయలేం. సంప్రదాయ కరాటేలో ఒక చేయి కొడుతుంటే రెండోది నడుము దగ్గరికి వస్తుంది. రింగులో ఆ చేయి దవడ దగ్గర లేకపోతే ఆట ముగిసినట్టే. కరాటేలో కాళ్లు బాగా ఎడం చేసి, మోకాలు వంచి, నేలను పట్టుకుని నిలబడతారు. రింగులో అలా నిలబడినవాడి ముందు తొడ మీద లో కిక్ పడుతుంది. నాలుగు పడ్డాక కాలు మాట వినదు. ఒక్క దెబ్బతో తేల్చేయాలన్న తలంపు కరాటేది. గ్లవ్స్ తొడిగాక ఆ ఒక్క దెబ్బ పదునూ తగ్గుతుంది, మూడు నిమిషాల రౌండంతా ఆగకుండా కొట్టాల్సి వస్తుంది. కరాటే నుంచి వచ్చేవాడికి కలిసొచ్చేవి దూరం అంచనా, కాలి దెబ్బల్లో వేగం, ఎక్కడి నుంచో తెలియకుండా వచ్చే మడమ తిప్పు. మిగతాదంతా కొత్తగా నేర్చుకోవలసిందే.

నియమాల్లోనూ తేడాలున్నాయి. ఫుల్ కాంటాక్ట్‌లో నడుము పైభాగాన్నే కొట్టాలి. లో కిక్ విభాగంలో తొడల మీదా కొట్టవచ్చు. కే-1 పద్ధతిలో మోకాలు కూడా చెల్లుతుంది, మోచేయి చెల్లదు. రింగు లేకుండా చాపల మీద ఆడే పాయింట్ ఫైటింగ్, లైట్ కాంటాక్ట్ కూడా ఇదే ఆటలో భాగాలు. వీటిని ప్రపంచస్థాయిలో నడిపే వాకో సంస్థకు అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2021లో పూర్తి గుర్తింపు ఇచ్చింది.

మద్రాసు, హుసైనీ

బ్రూస్ లీ ‘ఎంటర్ ది డ్రాగన్’ 1973లో వచ్చాక దేశమంతటా కరాటే గాలి వీచింది. తెలుగు సినిమాలో ఆ గాలిని ముందు పట్టుకున్నవాళ్లు సుమన్, భానుచందర్. ఇద్దరూ కరాటే నేర్చినవాళ్లు, ఇద్దరూ 1982 నాటి ‘తరంగిణి’లో కలిసి నటించారు. అప్పటికి తెలుగు సినిమా చాలావరకు మద్రాసులోనే ఉండేది. కళ్యాణ్ కూడా అక్కడే షిహాన్ హుసైనీ దగ్గర శిష్యరికం చేశారు.

హుసైనీ మదురైకి చెందినవారు. కరాటే, విలువిద్య నేర్పేవారు, శిల్పాలు చేసేవారు, బాలచందర్ ‘పున్నగై మన్నన్’ (1986)లో చిన్న వేషం వేశారు. జయలలిత మీద అభిమానంతో తన రక్తంతో ఆమె బొమ్మ వేసినవారు, 2015లో తనను తాను శిలువకు కొట్టించుకున్నవారు. ఈ విపరీతాల వెనక గట్టి గురువు ఉన్నారు. 2025 మార్చి 25న బ్లడ్ క్యాన్సర్‌తో ఆయన మరణించినప్పుడు పవన్ కళ్యాణ్ విడుదల చేసిన సంతాప ప్రకటనలో పాత సంగతులు కొన్ని బయటికొచ్చాయి. హుసైనీ మొదట నేర్పనని అన్నారు. బతిమాలితే ఒప్పుకున్నారు. కళ్యాణ్ పొద్దున్నే వెళ్లి సాయంత్రం దాకా అక్కడే ఉండేవారు. బ్లాక్ బెల్ట్ అలా వచ్చింది. ‘తమ్ముడు’లో కిక్‌బాక్సర్ వేషానికి ఆ శిక్షణే అక్కరకొచ్చిందని కూడా అదే ప్రకటనలో ఉంది. ‘పవన్’ అనే మాట పేరు ముందు చేరింది కరాటే ప్రదర్శనల రోజుల్లోనే అన్నది ప్రచారంలో ఉంది.

ఇ.వి.వి. సత్యనారాయణ దర్శకత్వంలో 1996 అక్టోబర్ 11న విడుదలైన తొలి సినిమా ‘అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి’ ఆయన్ను కరాటే కుర్రాడిగానే పరిచయం చేసింది. చిరంజీవి తమ్ముడికి వేరే ముఖం కావాలి. అన్న డాన్సులో దిట్ట కాబట్టి, తమ్ముడికి ఒంటి మీద విన్యాసాలు మిగిలాయని అనిపిస్తుంది. సినిమా గొప్పగా ఆడలేదు. తర్వాత వచ్చిన ‘గోకులంలో సీత’, ‘సుస్వాగతం’, ‘తొలిప్రేమ’ ప్రేమకథలు. కరాటేకు వాటిలో పెద్ద చోటు లేదు. జాతీయ పురస్కారం అందుకున్న ‘తొలిప్రేమ’ (1998) ఆయన్ను స్టార్‌ని చేసింది. ఇక తన విద్యను బయటికి తీయగల స్వేచ్ఛ అప్పుడొచ్చింది.

‘తమ్ముడు’

1999 జూలై 15న విడుదలైన ‘తమ్ముడు’ దర్శకుడు పి.ఎ. అరుణ్ ప్రసాద్, నిర్మాత బూరుగుపల్లి శివరామకృష్ణ, సంగీతం రమణ గోగుల. కథకు మూలం 1992 నాటి హిందీ సినిమా ‘జో జీతా వహీ సికందర్’. దానికి స్ఫూర్తి 1979 నాటి అమెరికన్ సినిమా ‘బ్రేకింగ్ అవే’. ఆ రెండింటిలోనూ చివరి పోటీ సైకిల్ పందెం. తెలుగులో దాని చోట కిక్‌బాక్సింగ్ వచ్చింది. బల్లపరుపు డెల్టాలో పెరిగిన ప్రేక్షకుడికి కొండదారి సైకిల్ పందెంలో ఉత్కంఠ ఏముంటుందిలే అనుకుని మార్చారని సరదాగా అనుకోవచ్చు. అసలు కారణం హీరో చేతిలో ఉన్న విద్యే.

కథ తెలిసిందే. కాలేజీలో అల్లరిచిల్లరిగా తిరిగే సుబ్బు, తండ్రి మెచ్చిన అన్న చక్రి. అన్న కిక్‌బాక్సింగ్ పోటీకి సిద్ధమవుతుండగా ప్రత్యర్థులు అతన్ని చావగొడతారు. తమ్ముడు అన్న చోట గ్లవ్స్ తొడుగుతాడు. అన్న పాత్రలో అచ్యుత్, తండ్రిగా చంద్రమోహన్, నాయికగా ప్రీతి జింగానియా. ఇందులో శిక్షణ ఘట్టం మీద వచ్చే ‘లుక్ ఎట్ మై ఫేస్ ఇన్ ద మిర్రర్’ పాటంతా ఇంగ్లిష్‌లోనే సాగుతుంది. తెలుగు సినిమాలో అది అప్పటికి అరుదు. ఆ పాటలో ఆయన చేసిన కఠిన విన్యాసాలు, చేతి మీదుగా కార్లు పోనిచ్చుకోవడంతో సహా, థియేటర్లలో ఈలలకు కారణమయ్యాయి. అవి కరాటే ప్రదర్శన సంప్రదాయంలోవి, కిక్‌బాక్సింగ్ శిక్షణలోవి కావు. పలకలు పగలగొట్టడం వల్ల రింగులో ఒక్క రౌండు కూడా గెలవరు. రింగుకు కావలసినవి స్కిప్పింగ్, పరుగు, ప్యాడ్ల మీద వేల దెబ్బలు, స్పారింగ్. వీటిలో కెమెరాకు నచ్చేది పరుగొక్కటే.

అయినా చివరి పోటీలో ఒక నిజం ఉంది. సుబ్బు ముందు చావుదెబ్బలు తింటాడు. అప్పటి తెలుగు హీరో పోరాటాల్లో తినడం కంటే పెట్టడం ఎక్కువ. ‘తమ్ముడు’లో హీరో కిందపడడం, లేవడం, మళ్లీ పడడం కథకు అవసరమైంది. గెలుపు ఖాయమని తెలిసిన ప్రేక్షకుడు కూడా ఆ పడిపోవడాల దగ్గరే కుర్చీ అంచుకు జరిగాడు. సవామురా 16 సార్లు పడిన సంగతిని ఈ చిత్రబృందం విని ఉండనక్కర్లేదు. రింగు ఉన్న ప్రతి కథా చివరికి అక్కడికే చేరుతుంది.

సినిమా ఇతర భాషలకూ పోయింది. అరుణ్ ప్రసాదే 2001లో తమిళంలో విజయ్‌తో ‘బద్రి’గా తీశారు. అందులో కోచ్ పాత్ర వేసింది షిహాన్ హుసైనీ. తెలుగు హీరోకు నిజంగా గురువైన మనిషి, తమిళ హీరోకు తెర మీద గురువయ్యారు. కన్నడంలో శివరాజ్‌కుమార్‌తో ‘యువరాజ’గా తీసినవారు పూరి జగన్నాథ్. బెంగాలీలో జీత్ కథానాయకుడిగా ‘ఛాంపియన్’ (2003) వచ్చింది. 2025లో నితిన్ హీరోగా ‘తమ్ముడు’ పేరుతోనే మరో సినిమా వచ్చింది. దానికీ పాత కథకూ సంబంధం లేదు. అందులో నాయకుడు విలుకాడు.

2003 ఏప్రిల్

తెలుగు తెర మీద రింగు పోరాటాలకు పట్టాభిషేకం జరిగిన నెల అది. ఏప్రిల్ 19న పూరి జగన్నాథ్ ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ విడుదలైంది. రవితేజ కిక్‌బాక్సర్, ప్రకాష్ రాజ్ అతన్నీ తల్లినీ వదిలేసిన ఛాంపియన్ తండ్రి, జయసుధ తల్లి, ఆసిన్ నాయిక. వారం తిరక్కుండా ఏప్రిల్ 25న పవన్ కళ్యాణ్ రాసి, తీసి, నటించిన ‘జానీ’ వచ్చింది. మొదటిది పెద్ద విజయం. తమిళంలో ‘ఎం. కుమరన్ సన్ ఆఫ్ మహాలక్ష్మి’గా, కన్నడంలో ‘మౌర్య’గా మళ్లీ పుట్టింది. రెండోది పవన్ కళ్యాణ్ కెరీర్‌లోని పెద్ద పరాజయాల్లో ఒకటి.

‘ఖుషి’ (2001) వంటి విజయం తర్వాత వచ్చిన సినిమా కావడంతో ‘జానీ’ మీద ఆశలు ఆకాశంలో ఉండేవి. అందులో నాయకుడు యుద్ధవిద్యలు నేర్పే కోచ్. భార్యకు బ్లడ్ క్యాన్సర్. చికిత్స డబ్బు కోసం పందెం పోటీల్లో దిగుతాడు. అప్పటికే ‘తమ్ముడు’, ‘ఖుషి’, అన్న సినిమా ‘డాడీ’లలో ఫైట్లు కూర్చిన అనుభవం ఆయనకు ఉంది. ‘జానీ’లో దాన్ని చివరిదాకా లాగారు. ఇక్కడి పోరాటాలు మనిషి ఒంటికి సాధ్యమైన కొలతలో ఉంటాయి. అలసట కనిపిస్తుంది. ఒక్క తన్నుకు పదిమంది గాల్లోకి లేవరు. ఫైట్ల వరకు చూస్తే ఇది ‘తమ్ముడు’ కంటే మేలైన పని. కథ నెమ్మదించడం, విషాదం ఎక్కువవడం సినిమాను ముంచాయి. రింగు ఉండగానే సరిపోదని, తల్లీకొడుకుల గొడవ, వెటకారం, నవ్వు కలిస్తేనే జనం వస్తారని పూరి సినిమా అదే వారంలో నిరూపించింది. ఆ తర్వాత చాలా ఏళ్లు పవన్ కళ్యాణ్ సినిమాల్లో కరాటే వెనక్కి పోయింది. ‘గబ్బర్ సింగ్’ (2012), ‘అత్తారింటికి దారేది’ (2013) నడిచింది మాటల మీదా, నడక మీదా.

పూరి మాత్రం రింగును వదల్లేదు. 2022 ఆగస్టు 25న విజయ్ దేవరకొండతో ‘లైగర్’ తెచ్చారు, మైక్ టైసన్‌ను కూడా తెర మీదికి పట్టుకొచ్చారు. అప్పటికి ఆట కిక్‌బాక్సింగ్ నుంచి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌కు మారిపోయింది. సినిమా నిలబడలేదు. అదే ఏడాది పవన్ కళ్యాణ్ అన్న కొడుకు వరుణ్ తేజ్ ‘గని’లో బాక్సర్‌గా కనిపించారు. అదీ ఆడలేదు.

మళ్లీ సాధన

2022 డిసెంబర్‌లో పవన్ కళ్యాణ్ సాధన చేస్తున్న ఫొటో ఒకటి పెట్టి, రెండు దశాబ్దాల తర్వాత యుద్ధవిద్యల అభ్యాసంలోకి తిరిగొచ్చానని రాశారు. లెక్క సరిగ్గా ‘జానీ’ దగ్గరికి పోతుంది. 2025 జూలైలో వచ్చిన ‘హరిహర వీరమల్లు’లో ఒక పోరాట ఘట్టాన్ని ఆయనే రూపొందించారు. అదే ఏడాది సెప్టెంబర్ 25న సుజీత్ దర్శకత్వంలో విడుదలైన ‘ఓజీ’ కథను నేరుగా జపాన్‌లో మొదలుపెట్టారు. నాయకుడు ఓజస్ గంభీర సమురాయ్‌ల దగ్గర విద్య నేర్చినవాడు, చేతిలో కటానా. జపనీస్ మాటలతో ఉన్న ‘వాషి యో వాషి’ని పవన్ కళ్యాణే పాడారు. హుసైనీ అప్పటికి లేరు.

వయసు, పదవి రెండూ పెరిగాక కాలి దెబ్బల చోట కత్తి రావడంలో సినిమా తర్కం ఉంది. కత్తితో కదలిక తక్కువ, ఠీవి ఎక్కువ. రింగు మధ్యలో మూడు రౌండ్లు నమ్మించాలంటే ఊపిరి కావాలి, నెలల తరబడి ఖాళీ సమయం కావాలి. ఉప ముఖ్యమంత్రికి దొరకనిది ఆ రెండోదే.